ఆమడ దూరం

వాక్యపఠనం: లూకా 24:13–35

ధ్యానం

గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెంగు తల మీదికి లాక్కున్నాను. ఎండకి కాదు. మా సంఘంవాళ్లు ఎవరైనా ఎక్కితే, "అమ్మగారూ, వందనాలు! పొద్దున్నే ఎక్కడికి?" అంటారు. సైకాలజిస్టు దగ్గరికని చెప్పడానికి నోరు రాదు. పాస్టరుగారి భార్యని. ఊళ్లో ఎవరి మనసు బాగోకపోయినా మా వంటింటి గుమ్మంలోనే వచ్చి కూర్చుంటారు. అలాంటిది నేనే ఒకరి గుమ్మం వెతుక్కుంటూ వెళ్తున్నానంటే ఏమనుకుంటారు?

అప్పటికి అమ్మ పోయి ఏడు నెలలు. రాత్రి మూడింటికి టక్కున మెలకువ వచ్చేది. గుండె దడదడలాడేది. ఇక తెల్లారేదాకా ఫ్యాను తిరగడం చూస్తూ పడుకోవడమే. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకోబోతే గొంతులో ఏదో అడ్డం పడేది. శుక్రవారం ఉపవాసాలు చేశాను. మోకాళ్ల మీద గంటలు గడిపాను. ప్రార్థన మానలేదు, నిద్రా రాలేదు. చివరికి ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసే మా ఆడపడుచు కసిరింది. "బీపీ మాత్ర వేసుకున్నప్పుడు విశ్వాసం తగ్గిందనుకున్నావా వదినా? దీనికెందుకు ఇంత తర్జనభర్జన?" అపాయింట్‌మెంటు కూడా తనే తీసుకుంది.

ఆ ప్రయాణం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఎమ్మాయు దారి గుర్తొస్తుంది.

యెరూషలేము నుంచి ఇద్దరు శిష్యులు ఎమ్మాయు అనే ఊరికి నడిచి వెళ్తున్నారు. మన తెలుగు బైబిలు ఆ దూరాన్ని ఆమడ అంటుంది. ఇప్పటి లెక్కలో సుమారు 11 కిలోమీటర్లు. ఒకతని పేరు క్లెయొపా. రెండో మనిషి పేరు లూకా రాయలేదు. నమ్ముకున్న గురువు మూడు రోజుల కిందట సిలువ మీద చనిపోయాడు. అదే మాట్లాడుకుంటూ, తవ్విందే తవ్వుకుంటూ పోతున్నారు. ఒక బాటసారి వచ్చి కలిశాడు. మీరు నడుస్తూ మాట్లాడుకుంటున్నది దేని గురించి అని అడిగాడు.

వాళ్లు వెంటనే జవాబు చెప్పలేదు. ముఖాలు వేలాడేసుకుని నిలబడిపోయారు. అంతవరకూ నడుస్తున్న కాళ్లు ఆ ప్రశ్నకి ఆగిపోయాయి. తర్వాత క్లెయొపా కాస్త విసుక్కున్నాడు కూడా, ఊరంతా ఎరిగిన సంగతి నీ ఒక్కడికే తెలియదా అన్నట్టు. ఆ బాటసారి తనకు తెలుసని అనలేదు. ఏమిటా సంగతులు అని మళ్లీ అడిగాడు.

ఆ రోజుల్లో యెరూషలేములో ఏం జరిగిందో ఆయన కన్నా ఎరిగినవాడు లేడు. గాయాలు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. అయినా అడిగాడు. వాళ్ల కథ వాళ్ల నోటనే, వాళ్లకు తోచిన వరసలోనే, చివరిదాకా విన్నాడు. మందలింపూ లేఖనాల వివరణా తర్వాత వచ్చాయి. వినడం ముందు వచ్చింది.

గుంటూరులో ఆ గది చిన్నది. నేను ఊహించుకున్నట్టు పడుకోవడానికి సోఫా ఏమీ లేదు. కాస్త పక్కవాటుగా వేసిన రెండు కుర్చీలు, మధ్యలో బల్ల, దాని మీద టిష్యూల డబ్బా, మంచినీళ్ల గ్లాసు. గోడ గడియారం సైకాలజిస్టుకి కనిపించేలా నా వెనక ఉంది. ఆవిడకి ముప్పయ్యయిదేళ్లుంటాయేమో. నుదుట బొట్టు. అది చూసి నా మనసు ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. ఈమెకి నా ప్రార్థన సంగతి ఏం అర్థమవుతుంది అనిపించింది. ఆ సందేహాన్ని ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ముందు ఆవిడే మాట్లాడింది. మనం యాభై నిమిషాలు కూర్చుంటాం అంది. ఇక్కడ మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా మీ భర్తకి గానీ, మిమ్మల్ని తీసుకొచ్చినవాళ్లకి గానీ చెప్పను అంది. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినా, పసిపిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిసినా మాత్రం ఊరుకోకూడదు, అప్పుడు చెప్పవలసిన వాళ్లకి చెబుతాను అని కూడా ముందే చెప్పేసింది. సంతకం పెట్టే కాగితంలోనూ అదే ఉంది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ గోప్యతను రోగి హక్కుగా గుర్తించిందని తర్వాత తెలిసింది. ఊళ్లో ఒక చెవిన పడిన మాట సాయంత్రానికి ఏడు వీధులు తిరుగుతుందని తెలిసిన నాకు, ఆ హద్దులు విన్నాక భుజాలు కాస్త దిగాయి.

తర్వాత, "ఏం జరిగిందో చెప్పండి" అంది.

నేనూ నిలబడిపోయాను, కూర్చునే. ఏడు నెలలుగా లోపల తిరుగుతున్న మాటలన్నీ ఒక్కసారి ఎటో పోయాయి. ఆవిడ తొందరపెట్టలేదు. నా బదులు వాక్యం పూర్తి చేయలేదు. "ఏం పర్లేదండీ" అని కూడా అనలేదు. ఊరికే ఉంది. ఆ మౌనం ఎంతసేపో నాకు తెలియదు, గడియారం నా వెనక ఉంది కదా.

మొదటి రోజు చాలామటుకు ప్రశ్నలే. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఇదివరకు ఎప్పుడైనా ఇలా అయిందా, మీవాళ్లలో ఎవరికైనా ఉందా, ఏ మందులు వాడుతున్నారు, థైరాయిడ్ పరీక్ష చేయించారా. థైరాయిడ్ తేడా చేసినా మనసు కుంగినట్టు ఉండొచ్చట, అందుకని ఆ సంగతి ముందు తేల్చుకోవాలంది. తర్వాత ఒక కాగితం ఇచ్చింది, తొమ్మిది ప్రశ్నలది. గత రెండు వారాల్లో ఒక్కొక్క బాధ ఎన్ని రోజులు ఉందో చూసి సున్నా నుంచి మూడు దాకా అంకె వేయాలి. అన్నీ కలిపితే గరిష్ఠంగా 27. సండే స్కూలు పిల్లలకి పరీక్షలు పెట్టే నేను పెన్ను పట్టుకుని తడబడ్డాను.

తొమ్మిదో ప్రశ్న చావు తలంపుల గురించి. పాస్టరు భార్య అక్కడ సున్నా వేయాలి. నేను ఒకటి వేశాను. వేసి కాగితం తిరగేసి పెట్టాను. ఆవిడ దాన్ని తిప్పి చూసింది. ఉలిక్కిపడలేదు, ప్రసంగం చేయలేదు. "ఏ వేళప్పుడు వస్తుంది ఆ ఆలోచన? ఏమైనా చేసుకోవాలనిపించిందా? ఏదైనా సిద్ధం చేసుకున్నారా?" అని సూటిగా అడిగింది. లేదు, ఆ మూడు గంటల వేళ అమ్మ దగ్గరికి పోతే బాగుండునని అనిపిస్తుంది, అంతే అన్నాను. ఆ మాట బయటికి వచ్చాక గది కూలిపోలేదు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు గానీ, అడగడం వల్ల ఆ తలంపు పుట్టదు. ఎన్నాళ్లుగానో ఒంటరిగా మోస్తున్నవాళ్లకి అది ఒక ఊపిరి. అలాంటి రాత్రి ఏదైనా ఎదురైతే ఎవరికి ఫోను చేయాలో ఇద్దరం కలిసి ఒక చీటీ మీద రాసుకున్నాం. మొదటి పేరు మా ఆడపడుచుది.

ఇక అమ్మ గురించి అడిగింది. సమాధి కార్యక్రమం గురించీ, తర్వాత జరిగిన ఆదరణ కూడిక గురించీ చెప్పాను. ఎంతమంది వచ్చారో, ఎంత బాగా జరిగిందో, ఏ లోటూ లేకుండా ఎలా చూశానో చెప్పుకుపోతున్నాను. "నలభై మందికి పైనే వచ్చారండీ. అందరికీ నేనే టీ పెట్టి ఇచ్చాను" అన్నాను, కాస్త గర్వంగానే.

"ఆ సాయంత్రం మీకెవరిచ్చారండీ టీ?" అంది.

అంత చిన్న ప్రశ్న. గిన్నెలో అడుగున మిగిలిన టీ పొడి గుర్తొచ్చింది. గ్లాసులన్నీ కడిగి బోర్లించాక పొయ్యి గట్టు పట్టుకుని నిలబడిన నేను గుర్తొచ్చాను. ఆదరణ కూడికలో అందరినీ ఆదరించి, నేను ఆదరణ పొందకుండా లేచి వచ్చేశాను. ఆ సంగతి ఏడు నెలలుగా నా కథలోనే ఉంది. నేనే చెబుతున్నాను, నేనే వినలేదు. టిష్యూల డబ్బా బల్ల మీద ఎందుకు ఉందో అప్పుడు తెలిసింది.

క్లెయొపా చెప్పిన కథని ఇంకోసారి చదవండి. తెల్లవారకముందే స్త్రీలు సమాధి దగ్గరికి వెళ్లారని, దేహం కనబడలేదని, ఆయన బతికి ఉన్నాడని దేవదూతలు చెప్పారని అతనే అంటాడు. సువార్త మొత్తం అతని నోట్లోనే ఉంది. అయినా ముఖం వేలాడుతూనే ఉంది. చెప్పేవాడికి తన మాటల్లో ఏముందో వినబడాలంటే, పక్కన నడుస్తూ వినే మనిషి ఒకరు కావాలి. కౌన్సెలింగు గదిలో జరిగే పని చాలామటుకు ఇదే. ఆవిడ నాకు కొత్త కథ చెప్పలేదు. నా కథనే నాకు వినిపించింది.

ఒక్క తేడా ఉంది, దాన్ని చెరిపేయకూడదు. ఎమ్మాయు దారిలో తెలిసినవాడే అడిగాడు. సైకాలజిస్టు మాత్రం తెలియకే అడుగుతుంది. ఆమె ప్రభువు కాదు, పాస్టరూ కాదు. మనసును పుస్తకంలా చదివేయదు. ఇంట్లో తప్పెవరిదో తీర్పు చెప్పదు. ఆమె చేతిలో ఉన్నది నేర్చుకున్న పనితనం, మంత్రం కాదు. మంచి పనితనాన్ని దేవుడు తన సేవకు వాడుకోవడం మనకు కొత్త కాదు. లూకా సువార్త రాసినవాణ్ని పౌలు వైద్యుడనే పిలిచాడు.

బొట్టు సంగతి చెబుతాను. మీకు బలమిచ్చేవి ఏమిటని ఆవిడ అడిగింది. ప్రార్థన అన్నాను. "ప్రార్థనలో ఏడుస్తారా?" అంది. ఆలోచించాను. ఏడవను. స్తుతితో మొదలుపెట్టి, అందరి భారాలూ ఒక్కొక్కటే చెప్పి, ఆమేన్ అంటాను. అమ్మ పేరు ఎత్తను. మా విశ్వాసం కాని మనిషి, నా ప్రార్థనలో నేను మూసిపెట్టిన తలుపు ఎక్కడుందో ఒక్క ప్రశ్నతో చూపించింది. దావీదు మొరలు అన్ని కీర్తనల్లో చదివి, స్త్రీల కూడికలో బోధించి కూడా నా మొర నేను పెట్టుకోలేదు.

మీలో ఎవరైనా ఇలాంటి మొదటి రోజుకి సిద్ధపడుతుంటే, నాకు తర్వాత తెలిసిన కొన్ని సంగతులు చెబుతాను. సైకాలజిస్టు మందులు రాయరు. మందు అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు, ఆయన ఎం.బి.బి.ఎస్. మీద మానసిక వైద్యం చదివిన డాక్టరు. కొందరికి మాటలతో సరిపోతుంది, కొందరికి మందూ మాటా రెండూ కావాలి. డాక్టరు మాత్రలు రాస్తే, ప్రార్థన చేయించుకున్నామని వాటిని మధ్యలో ఆపేయకండి. ఆపే సంగతి రాసిన డాక్టరునే అడగండి. క్లినికల్ సైకాలజిస్టులకి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషను ఉంటుంది, ఆ నంబరు అడగడం మర్యాద తక్కువ కాదు. ఫీజు ఎంత, ఎన్నాళ్లకోసారి రావాలి అన్నవి ఫోనులోనే అడగండి. తెలుగులో మాట్లాడతారో లేదో కూడా అడగండి. దుఃఖం ఇంగ్లీషులో సరిగ్గా రాదు, ముఖ్యంగా అమ్మ గురించి అయితే.

మొదటి రోజే తేలికపడిపోతామని అనుకోవద్దు. ఆ రోజు బస్సెక్కాక నాకు ఒళ్లంతా నొప్పులు, పొలంలో కలుపు తీసి వచ్చినట్టు. రెండు రోజులు ముందుకన్నా ఎక్కువ ఏడ్చాను. అది సహజమేనట. అందుకే ఆ సాయంత్రం వేరే పనులు పెట్టుకోకండి. ఆవిడ ఇంటికి ఒక పని కూడా ఇచ్చింది. ఎప్పుడు పడుకున్నానో, ఎప్పుడు మెలకువ వచ్చిందో రోజూ ఒక నోటుపుస్తకంలో రాయాలి. సాధారణంగా వారానికోసారి రమ్మంటారు. కొందరికి ఏడెనిమిది వారాలు చాలు, కొందరికి నెలలు పడుతుంది. నాలుగైదు సార్లు వెళ్లినా ఆ మనిషితో మీ మనసు కలవకపోతే ఆ మాట వాళ్లకే చెప్పొచ్చు, మరొకరి దగ్గరికి వెళ్లొచ్చు. వైద్యమే వద్దనుకోనక్కర్లేదు. ఆమడ దూరం ఒక్క అంగలో నడిచినవాళ్లు లేరు. ఆ బాటసారి కూడా వాళ్లతో ఊరి పొలిమేర దాకా అడుగు కలిపి నడిచాడు.

మన మాటల్లో చినవాల్తేరు, ఎర్రగడ్డ అన్న పేర్లు ఎన్నాళ్లుగానో తిట్లుగా చెలామణి అవుతున్నాయి. అవి ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్న చోట్లు, అంతే. ఎందరో అక్కడ కోలుకుని ఇళ్లకు వెళ్లారు. మనవాళ్లు గుండెకీ కిడ్నీకీ రైలెక్కి వెళ్లే వేలూరు సి.ఎం.సి.కి బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం కూడా ఉంది. రోగితోపాటు ఇంటిమనిషినీ అక్కడ ఉండనిచ్చి, కుటుంబాన్ని కలుపుకుని వైద్యం చేయడం ఆ కేంద్రానికి ఎన్నో ఏళ్ల అలవాటు. మిషనరీలు నాటిన ఆ ఆసుపత్రికి విశ్వాసం అడ్డురాలేదు. మన సంఘాల్లో మాత్రం ఎందుకు అడ్డురావాలి? ఎక్కడికీ వెళ్లలేని ఇల్లాలు ఇంట్లోంచే 14416కి ఫోను చేయొచ్చు. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. చావు తలంపు గట్టిగా పట్టుకున్న రాత్రయితే ఫోనుతో ఆగకండి. పక్కనున్న మనిషిని లేపండి, దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు ఎమ్మాయు ఇంట్లోకి వెళ్దాం. పొద్దు వాలింది. ఆ ఇద్దరూ బాటసారిని బతిమాలి లోపలికి పిలిచారు. వాళ్లది ఇల్లు, ఆయన అతిథి. వడ్డించాల్సింది వాళ్లు. కానీ బల్ల దగ్గర కూర్చున్నాక రొట్టె ఎత్తుకున్నది అతిథి. స్తోత్రం చెల్లించి, విరిచి, ఇంటివాళ్లకి పంచిపెట్టాడు. పెట్టడానికి చాచిన చేతులు అందుకోవడానికి చాచాల్సి వచ్చింది. కళ్లు తెరుచుకున్నది అక్కడే. దారి పొడుగునా వివరించిన లేఖనాలకు గుండె మండింది నిజమే గానీ, ఆయన్ని గుర్తుపట్టింది ఆయన చేతి రొట్టె అందుకున్నప్పుడు.

పెట్టడం మాత్రమే పరిచర్య అని ఇన్నేళ్లు అనుకున్నాను. అందుకోవడం తెలియని చేతులతో ప్రభువును గుర్తుపట్టడం ఎంత కష్టమో అమ్మ పోయాకే తెలిసింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆయన వరండాలో ఉన్నారు. ఏం చెప్పారని అడగాలో వద్దో తెలియక చేతిలో పేపరు అటూ ఇటూ తిప్పుతున్నారు. "నాకో టీ పెట్టిస్తారా?" అన్నాను. పెళ్లయి ఇరవయ్యారేళ్లు, ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. టీ పొడి డబ్బా ఎక్కడుందని రెండుసార్లు అడిగారు. నేను లేవలేదు. చాలాసేపటికి గ్లాసు తెచ్చి చేతికిచ్చారు. పంచదార వేయడం మరిచిపోయారు. చివరి చుక్కదాకా తాగాను.

మూడు నెలల తర్వాత ఏం మారితే ఈ రాకపోకలు ఫలించాయని అనుకుంటారని ఆవిడ మొదటి రోజే అడిగింది. ఆదివారం పాట ఎత్తుకోవాలి అన్నాను. ఇంకా పూర్తిగా రాలేదు. మొన్న ఆదివారం రెండో చరణం దాకా పాడాను. మూడోది సంఘం అందుకుంది.

ప్రార్థన

అన్నీ ఎరిగి కూడా అడిగే ప్రభువా, మా కథ మా నోట వినాలని నువ్వు మాతో అడుగు కలుపుతావు. నీ ప్రశ్నకి నిలబడిపోయిన వాళ్లం మేము. మాట రానప్పుడు మా మౌనాన్ని విను. నిద్రలేని మూడు గంటల వేళ మా పక్కన ఉండు. చెంగు చాటున ముఖం దాచుకుని ఆసుపత్రి బస్సెక్కే వాళ్లకు సిగ్గు తీసెయ్యి, ధైర్యం ఇయ్యి. వినే పనిని నేర్చుకున్న వాళ్లందరి చెవులనూ, చేతులనూ దీవించు. రోగిని తప్పుపట్టే నాలుకగా కాక, పక్కన నడిచే పాదాలుగా మా సంఘాన్ని మార్చు. ఎప్పుడూ పెట్టే చేతులకు అందుకోవడం నేర్పు. నీ నామంలో అడుగుతున్నాము, ఆమేన్.

ఈ రోజు అడుగు

మీ సంఘంలో, మీ ఇంట్లో అందరికీ టీ ఇచ్చే మనిషి ఎవరో చూడండి. ఈ రోజు ఆమెని కూర్చోబెట్టి ఒక గ్లాసు చేతికివ్వండి. ఎలా ఉన్నావని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా అక్కడే ఉండండి. ఆ మనిషి మీరే అయితే, ఒక్కరిని అడగండి.